ఉప్పు జాడీలో నీళ్ళు, పటికలో నీళ్ళు

అందరికీ నమస్కారమండి. ముందుగా ఈ మూకుట్లో సరిగ్గా 20 గ్రాముల పొటాష్ పటిక వేసి పొయ్యి మీద పెడుతున్నాను. అది కాగుతూ ఉంటుంది, ఈలోగా మనం ఊరికే కలిసున్న మిశ్రమానికీ, లెక్క ప్రకారం రసాయనికంగా కట్టుబడ్డ సమ్మేళనానికీ తేడా ఏమిటో మాట్లాడుకుందాం.

మన కోనసీమలో ఆషాఢం వచ్చిందంటే కల్లుప్పు జాడీ చెమ్మగిల్లిపోతుంది. అడుగున చెంచాడు నీళ్ళు చేరతాయి. తేమ గాలిదే, కానీ దాన్ని అంతగా లాక్కునేది ఎవరు? సముద్రపు నీటిని మడుల్లో ఎండబెట్టి తీసిన ఉప్పులో చాలావరకు సోడియం క్లోరైడే. దాన్ని అంటిపెట్టుకుని కాస్త మెగ్నీషియం క్లోరైడ్ కూడా వస్తుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటేదాకా పొడిగానే ఉంటుంది. మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతానికే నీరుకారిపోతుంది. అంటే కల్లుప్పు ఒక మిశ్రమం. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటితో గుప్పెడు కల్లుప్పు కడిగి ఆరబెట్టండి. ఆ నీటిలో ఉప్పు కొత్తగా కరగదు, మెగ్నీషియం మాత్రం కొట్టుకుపోతుంది. కడిగిన ఉప్పు, కడగని ఉప్పు పక్కపక్కనే పెట్టి చూడండి.

బెల్లం సంగతీ ఇంతే, అదీ మిశ్రమమే. ఒక్కో అచ్చుది ఒక్కో రంగు, ఒక్కో రుచి. పంచదార ఏ ఊళ్ళో కొన్నా సుక్రోజ్ అనే ఒకే పదార్థం.

ఇక గోదారి నీళ్ళు. వరదకి కాలవలోకి ఎర్రనీరు వస్తే మన అమ్మమ్మలు బిందెలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పేవారు. ఆ మట్టి రేణువులు మరీ సన్నవి. అన్నిటిదీ ఒకే విద్యుదావేశం కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ తోపులాట ఆపేస్తుంది. రేణువులు గుంపుకట్టి, బరువెక్కి అడుక్కి దిగుతాయి. తెల్లారేసరికి నీళ్ళు అద్దంలా ఉంటాయి. శుద్ధమైపోయాయా? ఇదిగో, నిన్న ఆ తేటనీళ్ళే నాలుగు చెంచాలు ఈ స్టీలు పళ్ళెంలో మరిగించి ఆవిరి చేశాను. అంచున తెల్లటి చార చూశారా? కరిగున్న లవణాలవి. ఈ రెండో పళ్ళెంలో మరిగించింది బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. చారే లేదు. కంటికి రెండూ ఒకేలా ఉన్న నీళ్ళే కదండీ!

మిశ్రమంలో పాళ్ళు ఎలాగైనా ఉండొచ్చు. జాడీలో నీరు ఇవాళ చెంచాడు, రేపు గరిటెడు. సమ్మేళనం అలా ఒప్పుకోదు. ఈ పటిక చేతికి పొడిగా తగిలినా, లోపల దాని ప్రతి పాలుకీ లెక్కగా 12 నీటి అణువులు కట్టుబడి ఉన్నాయి. బరువులో దాదాపు 45 శాతం నీరే! నాకు ఇప్పటికీ ఇది ఆశ్చర్యమే.

అదిగో, మూకుట్లో కరిగి, బుడబుడలాడి, పేలాల్లా పొంగింది చూడండి. మన ఇళ్ళలో పొంగించిన పటిక అనేది దీన్నే. ముందు వరసలో పిల్లలూ, ఒకరు రండమ్మా, చల్లారాక తూకం వేద్దాం. నీరంతా పోయుంటే 11 గ్రాముల దగ్గర ఆగాలి.