హాయి అంటే పాడుదిబ్బ

సభకు నమస్కారం.

చిన్నప్పుడు సండే స్కూల్లో, బైబిల్లోని యెరికో పట్టణపు గోడలు కూలిన కథను మేం ఆడి చూపించేవాళ్ళం. బెంచీలే గోడలు. వాటి చుట్టూ ఏడుసార్లు తిరిగి గట్టిగా కేకలు వేసి బెంచీలు పడదోసేవాళ్ళం. కొన్నేళ్ళకు ఆ అధ్యాయం నేనే చదువుకున్నాను. గోడలు పడ్డాక ఏమైందో అక్కడ రాసి ఉంది. ఆడా మగా, చిన్నా పెద్దా, ఎద్దులూ గొర్రెలూ గాడిదలూ, అన్నిటినీ యెహోషువ నాయకత్వంలో వచ్చిన ఇశ్రాయేలీయులు కత్తితో చంపేశారు. "పసిపిల్లలేం తప్పు చేశారు?" అని అడిగాను. అలాంటివి అడక్కూడదన్నారు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

1930లలో పురావస్తు శాస్త్రవేత్త జాన్ గార్‌స్టాంగ్ యెరికోలో తవ్వకాలు జరిపి, కూలిన గోడ దొరికిందనీ, అది యెహోషువ నాటిదేననీ ప్రకటించారు. 1952 నుంచి 1958 దాకా మరో పురావస్తు శాస్త్రవేత్త కేథలీన్ కెన్యన్ అదే దిబ్బను మళ్ళీ తవ్వారు. ఒక్కో మట్టిపొరనూ విడదీసి, ఏ పొరలో ఏ కుండపెంకు ఉందో చూసుకుంటూ వెళ్ళారు. గార్‌స్టాంగ్ చూపించిన గోడ ఆయన అనుకున్నదానికంటే దాదాపు వెయ్యేళ్ళు పాతదని తేలింది. పట్టణం క్రీ.పూ. 1550 ప్రాంతంలోనే కాలిపోయింది. ఇశ్రాయేలీయుల రాకకు చాలామంది పండితులు చెప్పే క్రీ.పూ. 13వ శతాబ్దంలో అక్కడ కూల్చడానికి గోడలే లేవు. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకు మాత్రం కెన్యన్ చూపిన ఆధారాలే బలంగా కనిపిస్తాయి.

బైబిల్ ప్రకారం యెరికో తర్వాత యెహోషువ కాల్చిన ఊరు హాయి. అది ఏత్-తెల్ అనే చోటని ఎక్కువమంది అంటారు. అక్కడ పెద్ద పట్టణమే ఉండేది, కానీ క్రీ.పూ. 2400 ప్రాంతంలో పాడుబడింది. తర్వాత వెయ్యేళ్ళకు పైగా అక్కడ ఎవరూ కాపురం లేరు. ఇంతకీ హీబ్రూలో ఆ పేరుకు అర్థమే 'పాడుదిబ్బ'. బతికున్న ఊరికి ఎవరైనా ఆ పేరు పెట్టుకుంటారా?

మన పల్లెల్లో పాటిదిబ్బలు చూసే ఉంటారు. తవ్వితే పెంకులు, బూడిద, పాత ఇటుకలు బయటపడతాయి. ఇక్కడ ఒకప్పుడు ఊరుండేదట, ఫలానా రాజు తగలబెట్టాడట అని పెద్దవాళ్ళు చెబుతారు. దిబ్బ కంటికి కనిపిస్తూ ఉంటుంది, దాన్ని వివరించడానికి కథ పుడుతుంది. హాయి కథ చివర "నేటివరకు అది అట్లే యున్నది" అని ఉంటుంది. ఆ 'నేటివరకు' అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఎప్పుడో తర్వాతి కాలంలో, ఆ దిబ్బను కళ్ళారా చూస్తున్న మనిషి చెబుతున్న మాట అది.

మరి ఇశ్రాయేలీయులు ఎక్కడి నుంచి వచ్చారు? క్రీ.పూ. 1208 ప్రాంతంలో ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన శాసనంలో ఇశ్రాయేలు పేరుంది. 1896లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీకి దొరికిన రాయి అది. సరిగ్గా ఆ కాలంలోనే, యెరికో, హాయి ఉన్న కనాను దేశపు కొండల్లో వందలాది చిన్న పల్లెలు కొత్తగా వెలిశాయి. రాజభవనాల్లేవు, కోటల్లేవు. కుండలు చూస్తే కింది మైదానాల్లో కనానీయులు వాడినవాటికి దగ్గరి చుట్టాలు. అందుకే చాలామంది పరిశోధకులు ఒక మాట అంటున్నారు: ఇశ్రాయేలీయుల్లో ఎక్కువమంది బయటి నుంచి దండెత్తి వచ్చినవాళ్ళు కాదు, కనాను నేలలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఇది మొదటిసారి చదివినప్పుడు నా విశ్వాసం కదిలిపోతుందని భయపడ్డాను. కానీ మనసు తేలికపడింది. ఆ పసిపిల్లలను ఎవరూ చంపలేదు.

"అయితే ఇదంతా అబద్ధమేనా?" అని మీరు అడగొచ్చు. బైబిల్లో నోవహు ఓడ కట్టిన జలప్రళయం కథ చూడండి. 1872లో జార్జ్ స్మిత్ అనే పండితుడు, ఇప్పటి ఇరాక్‌లోని నీనెవెలో దొరికిన మట్టిపలకల్లో ఓడ, కొండ మీద ఆగడం, పావురాన్ని వదలడం, అన్నీ చదివి చెప్పారు. నోవహు కథకంటే ముందటి కథ అది. బబులోనీయుల మరో పాత పాఠంలో మనుషుల గోలకు నిద్రపట్టక దేవుడు వరద తెస్తాడు. ఆదికాండంలో మాత్రం భూమి హింసతో నిండిపోయినందుకు వరద వస్తుంది. కథ పొరుగువాళ్ళదే కావచ్చు, ఆ కారణం మాత్రం ఇశ్రాయేలీయులు పెట్టుకున్నది. మూలం ఎక్కడో తెలియకపోతే ఆ మార్పు ఎంత పెద్దదో మనకు కనిపించదు.

యెరికో కథనూ అలాగే అడగాలి, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని. యెహోషువ గ్రంథం రూపుదిద్దుకోవడం క్రీ.పూ. 7వ శతాబ్దంలో, యూదా రాజు యోషీయా రోజుల్లో మొదలై, యూదులు బబులోనుకు బందీలుగా వెళ్ళిన చెర కాలంలో కూడా సాగిందని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును ముట్టడించి, గోడలు పడగొట్టి, ఆలయాన్ని కాల్చింది. అంటే బూర ఊదితే శత్రువు గోడలు కూలాయన్న కథను చెరలో కూర్చుని విన్నవాళ్ళు, సొంత ఊరి గోడలు కూలడం చూసి వచ్చినవాళ్ళు.