ఊదా లైటు పంచాయితీ: చిన్న చోటుకి గ్రో లైట్

హరి: రికార్డవుతోంది అక్కా. ఎర్ర చుక్క వెలుగుతోంది.

వసంత: పోయినసారీ వెలిగింది.

హరి: ఆ సంగతి ఇప్పుడెందుకు! అందరికీ నమస్కారం. ఈరోజు టాపిక్, ఇంట్లో చిన్న చోటుకి జేబుకి చిల్లు పడకుండా ఎల్ఈడీ గ్రో లైట్, అంటే మొక్కల్ని పెంచే దీపం, ఎంచుకోవడం. అయిదు పాయింట్లు రాసుకొచ్చాను.

వసంత: అయిదూ చెప్తావా?

హరి: నువ్వు చెప్పనిస్తే.

వసంత: నేనేమంటాను! అసలు లైటు కొనే ముందు గోడలకి ఏ రంగుందో…

హరి: అదుగో. నిమిషం కాలేదు, గోడ వచ్చేసింది. ఎన్నో నిమిషానికి గోడ ఎత్తుతావా అని మన శ్రోతలు పందేలు కాస్తున్నారట, తెలుసా?

వసంత: కాయనీ. గెలిచినవాళ్ళని కూడా గోడకి తెల్ల రంగు వేయించుకోమను.

హరి: ముందు ఒక శ్రోత ఉత్తరం చదువుతాను. "అల్మరాలో ఒక అర ఖాళీ చేశాను. రెండడుగుల పొడవు, రెండడుగుల లోతు. లెట్యూస్, కొంచెం మిరప నారు పెంచాలని ఉంది. చవగ్గా ఒక లైటు కనిపించింది, పెట్టె మీద 1000 వాట్లు అని ఉంది. కొననా?"

వసంత: నిజంగా 1000 వాట్లయితే ఆ అరలో చెయ్యి కూడా పెట్టలేరు. అది ప్లగ్గు దగ్గర తాగేది 100 వాట్లు ఉంటే గొప్ప.

హరి: మిగతా 900?

వసంత: కాగితం మీద. ఒక్కో చిప్పు మహా అయితే 10 వాట్లు తట్టుకుంటుందనుకో. వంద చిప్పులున్నాయి కాబట్టి 1000 అని వేసేస్తారు. నిజానికి ఒక్కోదాన్నీ ఒక వాటు దగ్గరే నడుపుతారు. లేకపోతే పాత సోడియం దీపంతో "సమానం" అంటారు. ఆ "సమానం" అన్న మాటను మాత్రం బొమ్మ కింద సన్నగా వేస్తారు.

హరి: మొదటి పాయింట్ అదే. పెద్ద అక్షరాల అంకె వదిలేసి, వాస్తవ వినియోగం ఎన్ని వాట్లో వెతకండి. అదెక్కడా రాయకపోతే ఆ లైటు జోలికి పోకండి.

వసంత: రెండోది నేను చెప్తాను. ఆ వాట్లు ఎంత కాంతిగా మారుతున్నాయో చూడాలి. మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య కాంతి. ఒక జూల్ కరెంటుకి అందులో ఎన్ని మైక్రోమోల్స్ ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, వస్తాయన్నదే అసలు లెక్క. 2.5 ఉంటే మంచి లైటు. 2 దగ్గరున్నా చిన్న అరకి ఇబ్బంది లేదు. 1.5 కంటే తక్కువైతే, కొన్నప్పుడు మిగిలింది కరెంటు బిల్లులో పోతుంది.

హరి: వాళ్ళ అరకి లెక్క కట్టు.

వసంత: కాగితం ఇటివ్వు. 50 వాట్ల లైటు, 2.5 చొప్పున సెకనుకి 125 మైక్రోమోల్స్. అర సుమారు 0.36 చదరపు మీటర్లు. భాగిస్తే దాదాపు 350. అందులో కొంత పక్కలకి పోతుంది. ముప్పావు వంతు ఆకుల మీద పడిందనుకుంటే 260. సెకనుకి ఒక చదరపు మీటరు మీద పడే ఈ కాంతినే పీపీఎఫ్‌డీ అంటారు. రోజుకి 14 గంటలు వెలిగిస్తే మొత్తం 13 మోల్స్ చిల్లర, మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్స్. లెట్యూస్‌కి 12 నుంచి 17 చాలు, అంటే సరిపోయినట్టే. మిరప నారు దశలో హాయిగా ఉంటుంది. కాయలు కాయాలంటే మాత్రం 20 దాటాలి.

హరి: కరెంటు?

వసంత: రోజుకి 0.7 యూనిట్. నెలకి 21. పక్కలకి పోయే ఆ పావు వంతు ఉంది చూడు, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే నేను గోడ, గోడ అని…

హరి: మూడో పాయింట్, రంగు. మార్కెట్లో తెల్లవి, ఎరుపు నీలం చిప్పులు కలిపిన ఊదావి రెండూ ఉన్నాయి. ఏదైనా పరవాలేదు. నాలుగో పాయింట్…

వసంత: ఆగాగు. ఏదైనా పరవాలేదా?

హరి: అక్కా, దీని గురించి మాట్లాడనని మూడో ఎపిసోడ్‌లో ఒట్టేశావు.

వసంత: ఆ ఒట్టు బకెట్ గురించి. ఊదా గురించి కాదు.

హరి: నా దగ్గరున్నది ఊదా లైటే. దాని కింద పుదీనా గుబురుగా పెరుగుతోంది. ఇంకేం కావాలి? క్లోరోఫిల్ పీల్చుకునేది నీలం, ఎరుపు. పచ్చని తిప్పికొడుతుంది, అందుకే ఆకు మనకి పచ్చగా కనబడుతుంది. తిప్పికొట్టే రంగుకి కరెంటు తగలెయ్యడం ఎందుకు?

వసంత: నువ్వు చెప్పే ఆ నీలం, ఎరుపు రెండు శిఖరాల గ్రాఫు ఆకుది కాదురా. ఆకులోంచి క్లోరోఫిల్ తీసి, ద్రావకంలో కరిగించి కొలిచింది. నిజం ఆకులో పచ్చ కాంతి, ఆకు కణాల మధ్య అటూ ఇటూ తగులుకుంటూ లోపలికి పోతుంది. పడిన పచ్చలో చాలా భాగం ఆకే తీసుకుంటుంది. తిప్పికొట్టేది కొంచెమే, మన కళ్ళు పచ్చకి చురుకు కాబట్టి ఆ కొంచెమే మనకి అంతగా కనబడుతుంది. 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల మొక్కల మీద కొలిచి చూపించాడు, పచ్చ కాంతితోనూ కిరణజన్య సంయోగక్రియ బాగానే జరుగుతుందని.

హరి: మెక్‌క్రీ వస్తాడని తెలుసు. ఆయన కొలిచింది తక్కువ వెలుతురులో, ఒక్కో రంగునీ విడివిడిగా, ఒక్కో ఆకు మీద. అలమరలో పెరిగే మొక్క అలా బతకదు కదా?

వసంత: నిజమే, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే 2009లో జపాన్‌లో తెరాషిమా బృందం ఏం చేసింది? గట్టి తెల్ల వెలుతురు పడుతున్న ఆకు మీద అదనంగా ఎరుపు వేసి చూశారు, పచ్చ వేసి చూశారు. ఆ పరిస్థితిలో పచ్చే ఎక్కువ పని చేసింది. పై పొరల్లోని కణాలు అప్పటికే నిండిపోయి ఉంటాయి, ఎరుపు అక్కడే ఆగిపోతుంది. పచ్చ కింది పొరల దాకా దిగుతుంది.

హరి: గట్టి వెలుతురు అన్నావు. అల్మరాలో అంత వెలుతురు ఎక్కడ? సరే, నేనొకటి అడుగుతాను. 660 నానోమీటర్ల ఎరుపు ఫోటాన్‌కి పట్టే శక్తి, 450 నీలానికి పట్టే శక్తి ఒకటేనా?

వసంత: కాదు. ఎరుపుకి తక్కువ.

హరి: ఎంత తక్కువ? ఒకే శక్తితో ఎరుపులో దాదాపు ఒకటిన్నర రెట్లు ఫోటాన్లు వస్తాయి. పైగా తెల్ల చిప్పు అంటే ఏమిటి? అడుగున నీలం చిప్పే. దాని మీద పసుపు పూత వేసి, నీలంలో కొంత భాగాన్ని మిగతా రంగుల్లోకి మారుస్తారు. మార్చినప్పుడల్లా కొంత పోతుంది. అదే సూటిగా ఎరుపు చిప్పు పెడితే ఆ నష్టం లేదు. పెద్ద పెద్ద గ్రీన్‌హౌసుల్లో ఎరుపు, నీలం వాడుతున్నారంటే వాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కాదు.

వసంత: బాగా చదువుకొచ్చావే!

హరి: ఈసారి వదలదలచుకోలేదు.

వసంత: చెప్పింది కూడా సరిగ్గానే ఉంది. అందుకే మంచి తెల్ల బోర్డుల్లో, అంటే చిప్పులు పరిచిన పలక లైట్లలో, మధ్యమధ్య 660 ఎరుపు చిప్పులు గుచ్చుతారు. గ్రీన్‌హౌసులో అయితే పగలు పైనుంచి ఎండ వస్తుంది, లైటు అదనం మాత్రమే. అక్కడ ఊదాకి నేను అడ్డు చెప్పను. ఇక్కడ విషయం చవక లైటు. చవక ఊదా లైట్లలో వాడే ఎరుపు ఏ రకమో ఎవరికి తెలుసు? తెల్ల చిప్పుల సంగతి వేరు. 90లలో నీలం ఎల్ఈడీ వచ్చాక, 2014లో నోబెల్ కూడా ఇచ్చారు కదా దానికి, ఆ నీలం నుంచి తెల్ల దీపాలు పుట్టి ఇంటింటికీ పోయాయి. అంత ఎక్కువగా తయారవడం వల్లే మంచి తెల్ల చిప్పు చవకైంది. అదే డబ్బుకి ఇప్పుడు తెల్లదే మెరుగ్గా దొరుకుతుంది.

హరి: నా పుదీనా మాత్రం నీ పుదీనా కంటే గుబురుగా ఉంది.

వసంత: అది నీలం వల్ల. 6500 కెల్విన్, అంటే నీలం పాలు ఎక్కువున్న తెల్ల లైటు పెట్టినా కాడలు అంతే పొట్టిగా ఉంటాయి. పుదీనా సంగతి సరే, దాని ఆకు కింద ఏముందో ఎప్పుడైనా చూశావా?

హరి: ఏముంటుంది?

వసంత: పోయిన వారం మీ ఇంటికొచ్చినప్పుడు ఒక రెమ్మ తుంచి కిటికీ దగ్గరికి తెచ్చాను. ఆకు పైన సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు. తిప్పి చూస్తే ఈనెల వెంబడి సన్నని గూడు, అందులో చుక్కల్లా కదులుతున్నాయి. ఎర్రనల్లి. ఆ ఊదా వెలుతురులో ఆకంతా నల్లగానే ఉంది, ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు.

హరి: అప్పుడే చెప్పొచ్చుగా!

వసంత: చెప్పాను. "లైటు ఆర్పి చూస్తాలే" అన్నావు. నువ్వు ఆర్పేది రాత్రి పదకొండింటికి.

హరి: …

వసంత: అలిగావా?

హరి: లేదు. నువ్వు ఇంత సేపు మెక్‌క్రీ, జపాన్ అని తిప్పి చివరికి నల్లి దగ్గరికి తెచ్చావు. ముందే నల్లి అంటే సరిపోయేది.

వసంత: గదిలో మనిషి కూడా ఉంటాడు హరీ. ఆకు పసుపెక్కిందా, పేనుబంక పట్టిందా, మట్టి ఆరిందా, ఇవన్నీ కంటితోనే చూడాలి. నా మటుకు నాకు సైన్సంతా పక్కన పెట్టినా ఈ ఒక్క కారణం చాలు. ఉత్తరం రాసినవాళ్ళకి నా జవాబు 3000 నుంచి 4000 కెల్విన్ల తెల్ల బోర్డు, 50 వాట్లు, అంతే.

హరి: మీరు విన్నది వసంతక్క అభిప్రాయం. నాది నాకుంది. ఇక నాలుగో పాయింట్, డిమ్మర్. తప్పనిసరి. మొలక దశలో సగానికి తగ్గించి, ఎదిగేకొద్దీ పెంచాలి. డిమ్మర్ లేకపోతే గొలుసుతో లైటు ఎత్తు మార్చుకునే వీలైనా ఉండాలి. బోర్డయితే అడుగు ఎత్తు నుంచి మొదలెట్టండి. కాడలు సాగిపోతుంటే దించండి, పై ఆకులు తెల్లబారుతుంటే ఎత్తండి.

వసంత: ఫోన్‌లో లక్స్ యాప్ ఉంటుంది కదా, దాంతో అంచనా వెయ్యొచ్చు. తెల్ల ఎల్ఈడీ కింద వచ్చిన లక్స్‌ని 65, 70 మధ్య అంకెతో భాగిస్తే దగ్గర దగ్గరగా పీపీఎఫ్‌డీ వస్తుంది. 20,000 లక్స్ వస్తే 300 అనుకో.

హరి: ఊదా కింద?

వసంత: కుదరదు. లక్స్ అంటే మనిషి కంటికి ఎంత వెలుతురో చెప్పే కొలత. నీ లైటులో మన కన్ను బాగా చూసే రంగే లేదు. నేనేమీ అనట్లేదు, నువ్వే అడిగావు.

హరి: అడగకుండా ఉండాల్సింది. అయిదో పాయింట్, ఫ్యాను సంగతి చెప్పి ముగిద్దాం. 50 వాట్ల లైటుకి ఫ్యాను అక్కర్లేదు, వెనక అల్యూమినియం పలక చాలు. ఫ్యాను ఉంటే దుమ్ము పట్టి ముందు పోయేది అదే.

వసంత: మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్. నీళ్ళ దగ్గర పని మరి. తీగని ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడేలా వదలండి. తీగ మీద నీళ్ళు కారినా వంపు దగ్గరే నేల మీద పడిపోతాయి, సాకెట్‌లోకి పోవు.

హరి: టైమర్ పెట్టండి. రాత్రంతా వెలిగిస్తే ఇంకా పెరుగుతాయని కొందరనుకుంటారు…

వసంత: టమాటాని 24 గంటలూ వెలుతురులో ఉంచితే ఆకులు పాలిపోతాయి. 14 గంటలు, మహా అయితే 16. గోడ సంగతి ఒక్క ముక్క. అరకి మూడు పక్కలా మెరుపు లేని తెల్ల రంగు. ముడతలు పడిన రేకు కాగితం అంటించకండి, దాని కంటే మామూలు తెలుపే కాంతిని సమంగా వెనక్కి పంపుతుంది.

హరి: అయిందా?

వసంత: అయింది. పందెం ఎవరు గెలిచారు?

హరి: తర్వాత చూస్తాను. అవునూ, మిరప నారు ఎత్తు పెరిగితే లెట్యూస్‌కి నీడ పడదూ?

వసంత: పడుతుంది. పొట్టి వాటి కుండీల కింద ఇటుక పెట్టుకోవాలి. అన్ని ఆకులూ ఒకే ఎత్తులో ఉండాలి.

హరి: ఇటుక కంటే స్టూలు నయం. మామయ్య స్టూలు.

వసంత: మామయ్య స్టూలు మాత్రం వద్దు.

హరి: రెండో ఉత్తరం ఇంకా ఉంది. ఆ బకెట్ శ్రోతది. చదవనా?

వసంత: ఆయనకి నేను జవాబు చెప్పను.

హరి: పాపం, మూడు పేజీలు రాశారు.

వసంత: ముప్పై రాయనీ. బటన్ నొక్కు, ఆపు.

హరి: మొదటి పేరా ఒక్కటే, "వసంతగారికి నమస్కారాలు, మీరు ఆరోజు బకెట్ గురించి…"

వసంత: హరీ, ఆపమన్నానా!