పతంగి కనిపిస్తుంది, దారం కనిపించదు

అక్క: నమస్కారం. సికింద్రాబాద్ నుంచి నేను, డాలస్ నుంచి మా తమ్ముడు. ఏరా, సంక్రాంతికి అక్కడ పెద్ద పతంగి కడుతున్నారట?

తమ్ముడు: అవునక్కా, పది అడుగులది. దాంతోపాటు పండగ పేరు రాసిన హీలియం బెలూన్ కూడా. ముందు ఎయిర్‌పోర్ట్ ఎంత దూరమో చూద్దామన్నాను. అందరూ నవ్వారు.

అక్క: నాకూ నవ్వే వస్తోంది. విమానం ఎక్కడ, పతంగి ఎక్కడ!

తమ్ముడు: దిగేటప్పుడు అంత తేడా ఉండదక్కా. విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. రన్‌వే ఇంకా 3 కిలోమీటర్లు ఉందనగా దాని ఎత్తు 150 మీటర్ల పైచిలుకు. కిలోమీటరు ఉందనగా 50 మీటర్లే. చిన్నప్పుడు డాబా మీద చరఖా సగం ఖాళీ అయ్యేదాకా ఢీల్ ఇచ్చేవాళ్లం, గుర్తుందా?

అక్క: ఎందుకు గుర్తులేదు! పతంగి చుక్కంత అయ్యేది. దారమైతే కాస్త పైకి పోయాక కనిపించేదే కాదు, వేలికి లాగుతుంటే తెలిసేది.

తమ్ముడు: పట్టుకున్న నీకే కనిపించని దారం, అంత వేగంతో వచ్చే పైలట్‌కి ఏం కనిపిస్తుంది? ఇక్కడ విమానాల రాకపోకలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ల రూల్స్‌లో పతంగులు, బెలూన్ల గురించిన పార్ట్ 101 చదివాక నాకర్థమైంది, వాళ్ల భయమంతా ఆ దారం గురించే. 150 అడుగులు దాటి ఎగరేస్తే, అక్కడి నుంచి పైకి ప్రతి 50 అడుగులకీ ఒక రంగు గుడ్డ కట్టాలి. మైలు దూరానికి కనిపించాలి. రాత్రయితే లైట్లు.

అక్క: పిల్లలాడే పతంగికి కూడానా?

తమ్ముడు: కాదు, 5 పౌండ్లు దాటితేనే. బెలూనైతే 6 అడుగుల వ్యాసం గానీ, 115 ఘనపుటడుగుల గ్యాస్ గానీ దాటాలి. చిన్నదైనా సరే, ఇతరులకు ప్రమాదం తేకూడదన్న రూల్ మాత్రం అందరికీ ఉంది. నేను మా పతంగిని ఎత్తుకుని బాత్‌రూమ్ త్రాసు మీద నిలబడ్డాను. నా బరువు తీసేస్తే 6 పౌండ్లు! అంటే ఎయిర్‌పోర్ట్ హద్దుకి 5 మైళ్ల లోపల ఎగరేయకూడదు, 500 అడుగులు దాటకూడదు, మబ్బుకి కింద 500 అడుగుల ఎడం ఉండాలి. 150 అడుగులు దాటాలంటే 24 గంటల ముందు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లకి చెప్పాలి. ఎక్కడ, ఎంత ఎత్తు, ఎంతసేపు, అన్నీ.

అక్క: తాడు తెగితే?

తమ్ముడు: బెలూన్‌లో గ్యాస్ దానంతటదే పోయే ఏర్పాటు ఉండాలి. అది పని చేయకపోతే వెంటనే ఆ కంట్రోల్ వాళ్లకి ఫోన్ చేయాలి. 2015 అక్టోబర్‌లో మేరీల్యాండ్‌లో అమెరికా సైన్యం వాళ్ల నిఘా బెలూనే తెంచుకుపోయింది. పొడవు 70 మీటర్ల పైన. వెనకాల దాదాపు 2 కిలోమీటర్ల కేబుల్ ఈడ్చుకుంటూ పెన్సిల్వేనియా దాకా పోయింది. ఆ కేబుల్ తగిలి కరెంటు తీగలు తెగి వేల ఇళ్లు చీకటైపోయాయి. పక్కన ఎఫ్-16 యుద్ధ విమానాలు ఎగురుతూ చూస్తూ ఉండాల్సి వచ్చింది.

అక్క: అమ్మో! ఇక్కడా పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండగ జరుగుతుంది, బేగంపేట ఎయిర్‌పోర్ట్ దగ్గరే. దీని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు.

తమ్ముడు: 2024 చివరి దాకా అమల్లో ఉన్న మన 1934 నాటి విమాన చట్టం చూడు. విమానమంటే ఏంటో చెప్పేచోట బెలూన్లు, పతంగులు కూడా ఉండేవి.

అక్క: నిజంగానా? అంటే మనం డాబా మీద విమానాలు నడిపామన్నమాట. ఇంతకీ మీ పతంగి సంగతేంటి?

తమ్ముడు: గ్రౌండ్ మార్చేశాం, ఎయిర్‌పోర్ట్‌కి 9 మైళ్ల దూరంలో ఒక చెరువు పక్కన. బెలూన్‌ని 4 అడుగులకి తగ్గించాం. గుడ్డల కోసం అమ్మ పాత ఎర్ర చీర ఒకటుంటే, నిన్న రాత్రి కూర్చుని కత్తిరించాను.

అక్క: నన్నడక్కుండానే? జరీ అంచుదా?

తమ్ముడు: అంచు నీకోసం పక్కన పెట్టానులే.