‘వీరు’ అంటే ఎవరు?

(శుభ శుక్రవారానికి ముందు సంఘ ధ్యాన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యువతకు వందనాలు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మొదటిది నాకిచ్చారు. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." క్షమాపణ గురించి పాస్టరుగారు నాకన్నా బాగా చెబుతారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అందుకని ఒక్క పదం దగ్గరే ఆగుతాను. ‘వీరు’ అంటే ఎవరు?

మా ఊళ్ళో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. యూదులని అందరికీ తెలుసు. పదకొండో ఏట సిలువ నాటకంలో నేను యూదుల ప్రధాన యాజకుడు కయప వేషం వేశాను. అమ్మ పాత ఎర్ర దుప్పటిని అంగీగా కుట్టింది. జనపనార గడ్డాన్ని మైదా జిగురుతో అంటించారు. "వీడు చావాల్సిందే" అని నేను అరవగానే, ముందు వరసలో చాప మీద కూర్చున్న మా నానమ్మ, నన్ను చంకన వేసుకుని పెంచిన మనిషి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని "పాపిష్టి యూదుడా" అంది. రాత్రి అన్నం దగ్గర అడిగాను, "నానమ్మా, యేసయ్య కూడా యూదుడే కదా?" అని. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ఛ, ఆ మాట అనకు" అంది.

ఆమె అంతకుముందు ఒక్క యూదుణ్ణి చూడలేదు. మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అయినా కోపం మాత్రం ఊరంతా ఉంది. దానికి మన భాష కూడా తోడైంది. ఇస్కరియోతు యూదా, యూదుడు. పిల్లల చెవికి రెండూ ఒకటే. ముప్పై వెండి నాణేలకు గురువును అమ్మినవాడి పేరు, ఒక జాతి మొత్తానికి పేరైపోయింది. అదే పేరున్న మరో యూదా మన బైబిల్లో ఒక పత్రిక రాశాడు. ఆయన ఎవరికీ గుర్తుకు రాడు.

ఇంకా చెప్పాలి. ఉద్యోగంలో చేరాక పద్దెనిమిదేళ్ళు ఆ నాటకం నేనే రాశాను. గుంపు చేత "సిలువ వేయండి" అని మూడుసార్లు అరిపించాను. చాలదు, ఇంకా గట్టిగా అరవండి అని పిల్లలకు చెప్పాను. అందుకే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

ఆ మరణం గురించి యూదులే ఏమంటారు? మనం వాళ్ళ గురించి రెండు వేల ఏళ్ళుగా మాట్లాడుతున్నాం, వాళ్ళ మాట ఎన్నడూ వినలేదు. యూదుడికి అది మత సంఘటన కాదు. అతని లేఖనాల్లో అది లేదు, అతని పండుగల్లో లేదు. అతని చరిత్రలో మాత్రం సిలువలు ఉన్నాయి, లెక్కలేనన్ని. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు: హేరోదు రాజు చనిపోయాక తిరుగుబాటు లేస్తే రోమా అధికారి వారుస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించాడు. క్రీ.శ. 70లో యెరూషలేము ముట్టడి జరిగినప్పుడు రోజుకు 500 మందిని, కొన్ని రోజులు అంతకన్నా ఎక్కువ మందిని గోడల ఎదుట సిలువ వేశారు. చివరికి సిలువలకు చోటు చాలలేదు, శరీరాలకు సిలువలు చాలలేదు. ఇది చదివిన యూదుడికి యేసును సిలువ వేసిన గొల్గొతా మీద కనిపించేది రోమా చేతిలో చనిపోయిన మరో యూదుడు. 1968లో యెరూషలేములో ఒక సమాధి బయటపడింది. అందులో యెహోహానాన్ అనే మనిషి మడమ ఎముక, దానిలో వంగిపోయిన ఇనుప మేకు ఇంకా దిగే ఉంది. మేకు తీయడం కుదరక అలాగే పాతిపెట్టారు. ఆ ఫోటో చూసిన రోజు నేను అన్నం తినలేకపోయాను.

ఒకటి దాచకూడదు. యూదులందరూ ఒకే మాట అనలేదు. యూదు ధర్మగ్రంథమైన తల్మూదులో ఒక చోట, పస్కా పండుగ ముందు రోజున యేషును, అంటే యేసును, వేలాడదీశారని, అంతకుముందు నలభై రోజులు చాటింపు వేయించి అతని తరఫున చెప్పేవాళ్ళెవరైనా ఉంటే రమ్మన్నారని ఉంది. పన్నెండో శతాబ్దపు మహా పండితుడు మైమోనిడిస్ కూడా యేసును యూదుల న్యాయసభే చంపిందని రాశాడు. అంటే ఆ నింద తమ మీదే ఉందని కొందరు యూదులు కూడా నమ్మారు. తరాల తరబడి నింద మోసినవాడు ఒక్కోసారి దాన్ని తనదే అనుకుంటాడని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, పండితులు ఒప్పుకోకపోవచ్చు. ఇశ్రాయేలు సుప్రీంకోర్టు న్యాయమూర్తి హైమ్ కోన్ 1968లో మరో వాదన తెచ్చాడు. మరణశిక్ష కేసు రాత్రిపూట విచారించకూడదని, దోషి అని అదే రోజున తేల్చకూడదని, అందువల్ల పండుగ ముందు రోజున అసలు మొదలే పెట్టకూడదని యూదుల ధర్మనియమాల సంకలనమైన మిష్నా చెబుతుంది. కాబట్టి ఆ రాత్రి యూదుల మహాసభ, అంటే ఆ న్యాయసభ, కూడింది యేసును రక్షించే దారి వెతకడానికేనని ఆయన అన్నాడు. మిష్నా గ్రంథస్థమైంది సుమారు క్రీ.శ. 200లో, ఆ నియమాలు యేసు కాలానికి ఉన్నాయో లేదో తెలియదని చాలామంది యూదు పండితులే ఈ వాదనను ఒప్పుకోలేదు. హీబ్రూలో 1922లో యేసు చరిత్ర రాసిన జోసెఫ్ క్లౌస్నర్, రోమా అధిపతి పిలాతునూ, అతనితో చేతులు కలిపిన కొద్దిమంది యాజక కులీనులనూ వేరుచేసి చూపాడు. జనం వేరు, ఆ గుంపు వేరు.

టైము చూస్తున్నారు, తెలుసు. ఒక మనిషి గురించి చెప్పకుండా మాత్రం దిగలేను.

జూల్ ఐజాక్. ఫ్రాన్సులో 1877లో పుట్టిన యూదుడు, నాలాగే చరిత్ర పంతులు. ఫ్రాన్సు బడిపిల్లలు తరాలపాటు చదివిన చరిత్ర పాఠ్యపుస్తకాలు ఆయనవే. 1940లో యూదుడని ఉద్యోగం నుంచి తీసేశారు. 1943 అక్టోబరులో రియోమ్ అనే ఊళ్ళో నాజీ రహస్య పోలీసులు, గెస్టపో, వచ్చినప్పుడు ఆయన బసలో లేడు. భార్యను, కూతురిని పట్టుకుపోయారు. ఇద్దరూ నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి తిరిగి రాలేదు. తీసుకుపోయే ముందు భార్య లోర్ ఆయనకు ఒక చీటీ పంపగలిగింది: నిన్ను నువ్వు కాపాడుకో, నీ పని పూర్తి చేయి, లోకం దానికోసం ఎదురుచూస్తోంది, అన్న అర్థం వచ్చే మాటలు. ఆ పని ఏమిటో తెలుసా? సువార్తలు చదవడం. ఊరూరా దాక్కుంటూ ఆ యూదుడు మన నాలుగు సువార్తలను, మన పండితులు వాటికి రాసిన వ్యాఖ్యానాలను పక్కపక్కన పెట్టి చదివాడు. సువార్తలో గుంపు అని ఉన్నచోట వ్యాఖ్యానంలో జాతి అని ఉంది. ఆ ఒక్క మార్పు నుంచే 1096లో రైన్ నది ఒడ్డున సిలువ యోధులు చేసిన ఊచకోతలు వచ్చాయి. 1903 ఈస్టరు నాడు రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్‌లో మూకల చేతిలో చనిపోయిన 49 మంది యూదులు వచ్చారు. చివరికి తన భార్యా కూతురూ. ఆ చదువు మీద ఆయన రాసిన పుస్తకం 1948లో అచ్చయింది.

1960 జూన్ 13న, ఎనభై రెండేళ్ళ వయసులో, ఆయన పోపు ఇరవై మూడో జాన్ ఎదుట కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు, ఆశతో వెళ్ళవచ్చా అని అడిగాడు. మీకు ఆశకు మించినదానికే హక్కుంది, అన్నాడు పోపు. 1963లో ఐజాక్ చనిపోయాడు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభలో అనుకూలంగా 2,221, వ్యతిరేకంగా 88 ఓట్లతో ప్రకటన నెగ్గింది: ఆనాటి యూదులందరి మీద గాని, ఈనాటి యూదుల మీద గాని ఈ మరణాన్ని మోపరాదు. ఆయన చూడలేదు. అది కతోలికుల ప్రకటన కదా, మనకెందుకు అంటారా? మన నాటకానికి ఏ ప్రకటనా రాలేదు. అందుకే మనకు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వెనక వరసలో ఉన్న మిమ్మల్నే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. మనలాంటి ఇళ్ళే, మన కూరలే. వాళ్ళ బిడ్డ ఒకడు శుక్రవారం రాత్రి మన చాప మీద కూర్చుంటే ఏమి చూస్తాడు? మీరు నిన్న నాకు చూపించిన నాటకం రాతలో మూడో రంగంలో ‘యూదుల గుంపు’ అని ఉంది. అది కొట్టేయండి. గుంపులో అరిచినవాళ్ళు యూదులైతే కింద ఏడుస్తున్న మరియ ఎవరు? సమాధి ఇచ్చిన అరిమతయియ యోసేపు ఎవరు? ఏడు మాటల్లో చివరిది, "నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" అన్నది, కీర్తనల్లోని వాక్యం. ఈ రాత్రి కూడా యూదు తల్లులు పిల్లలను నిద్రపుచ్చుతూ ఆ వాక్యం చెబుతారు. సిలువ మీద ఆయన తన చిన్ననాటి ప్రార్థన చెప్పుకున్నాడేమో.

షగాల్ అనే యూదు చిత్రకారుడు 1938లో, జర్మనీలో సమాజమందిరాలు తగలబడిన ఏడాది, సిలువ మీది యేసును గీశాడు. నడుముకు చుట్టింది యూదులు ప్రార్థనలో కప్పుకునే శాలువా, తెల్లది, నల్ల చారలతో. చుట్టూ ఇళ్ళు కాలుతుంటాయి, జనం మూటలతో పరుగెడుతుంటారు. నాటకంలో యేసు వేషానికి మీరు తెల్ల పంచె కడుతున్నారు కదా. దాని అంచుకు రెండు నల్ల చారలు కుట్టించండి. గుడ్డ నేను కొనిస్తాను. రిహార్సలు రేపు సాయంత్రం ఆరింటికి అన్నారు, వస్తాను.