ఆ ఇగ్వానా పిల్ల ఎందుకు ఆగింది? | ప్లానెట్ ఎర్త్ 2 రివ్యూ

అందరికీ నమస్కారం అండి. ఈ రోజు సిరీస్ మొత్తం గురించి కాదు, అందులో ఒకే ఒక్క సన్నివేశం గురించి మాట్లాడతాను. బీబీసీ వాళ్ల ‘ప్లానెట్ ఎర్త్ 2’, 2016లో వచ్చింది. దీవుల మీద తీసిన మొదటి ఎపిసోడ్‌లో ఇగ్వానా పిల్లలు, పాముల సీన్ ఉంటుంది. 2017లో దానికి బ్రిటన్‌లో సినిమాలకు, టీవీకి ఇచ్చే బాఫ్టా అవార్డు కూడా వచ్చింది. మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. నేను ఈమధ్య పెద్ద టీవీలో, మా అమ్మ పక్కన కూర్చుని మళ్లీ చూశాను.

చోటు పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న గాలాపగోస్ దీవుల్లోని ఫెర్నాండినా. సముద్ర ఇగ్వానా అంటే మన తొండనే బాగా పెంచి నలుపు పూసినట్టు ఉంటుంది. సముద్రంలో మునిగి నాచు తినే బల్లిజాతి ప్రపంచంలో ఇదొక్కటే. పిల్ల ఇసుక తోసుకుని బయటికి వచ్చేసరికి తల్లి దగ్గర ఉండదు. రాళ్ల సందుల్లో రేసర్ పాములు కాచుకుని ఉంటాయి. ఆ పిల్ల పుట్టి ఎంతో సేపు కాలేదు, పామంటే ఏమిటో దానికి చెప్పినవాళ్లు లేరు.

అయినా పాము దగ్గరికి రాగానే అది బిగుసుకుపోతుంది. నాకు ఈ సీన్‌లో అన్నిటికంటే గొప్పగా అనిపించింది అదే. ఆ పాములకు చూపు అంతంతమాత్రం, కదిలేదాన్నే పసిగడతాయి. కాబట్టి కదలకపోవడమే ఆ క్షణంలో ప్రాణం. భయం అంటే పరుగే అనుకుంటాం కానీ, ముందు ఆపేది కూడా భయమే. చాలా జంతువుల్లో అలా ఆగిపోయినప్పుడు గుండె నెమ్మదిస్తుంది, కండరాలు మాత్రం దూకడానికి సిద్ధంగా ఉంటాయి. ఆగడం ఇక పనికిరాదనిపించిన క్షణంలో ఆ పిల్ల పరుగు అందుకుంటుంది. అక్కడ మా అమ్మ నా చెయ్యి పట్టేసుకుంది. “గద్దను చూసి పెట్ట కూత పెడితే కోడిపిల్లలు కూడా ఇంతేరా, ఎక్కడివక్కడ నక్కి కూర్చుంటాయి” అంది.

అమ్మ మాట నిజం. పైగా పెద్ద ఇగ్వానాలకూ గద్ద భయం ఉంది. అవి కూత పెట్టలేవు. కానీ అక్కడి మాకింగ్‌బర్డ్ పిట్టలు గద్దను చూసి అరిస్తే, ఆ అరుపు విని జాగ్రత్తపడతాయి. పిట్ట భయం బల్లిని కాపాడుతోంది! ఇది సీన్‌లో లేదు, ఉంటే ఎంత బాగుండేదో.

నాకున్న అసలు వెలితి ఇంకొకటి. ఆ భయం దేనికి పుడుతుంది, దేనికి పుట్టదు అనేది సిరీస్ చెప్పదు. 1835లో డార్విన్ ఆ దీవులకు వెళ్లినప్పుడు ఒక ఇగ్వానాను పట్టి పదేపదే నీళ్లలోకి విసిరాడు. ప్రతిసారీ అది తిరిగి ఆయన నిలబడ్డ చోటికే వచ్చింది. నీళ్లలో సొరచేపలున్నాయి, ఒడ్డున శత్రువు లేడు, అందుకే ఒడ్డే క్షేమమని దానికి పుట్టుకతో వచ్చిన నమ్మకం కావచ్చని ఆయన అనుకున్నాడు. ఒడ్డున నిలబడ్డ మనిషి దాని లెక్కలో లేడు.

ఆ తర్వాత కొన్ని దీవులకు మనుషులతో పాటు కుక్కలు, పిల్లులు వచ్చాయి. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, కుక్కలూ పిల్లులూ ఎరగని ఇగ్వానాలను మనిషి వెంటపడి తరిమినా వాటి రక్తంలో ఒత్తిడి హార్మోన్ పెరగలేదని తేలింది. ఒకసారి పట్టుబడ్డాక పెరిగింది, ఇంకాస్త దూరం నుంచే పారిపోవడం కూడా నేర్చుకున్నాయి. కానీ కుక్క నుంచి తప్పించుకోవడానికి ఆ దూరం చాలదు. ఇది చదివాక నాకు చాలా బాధేసింది. పుట్టిన రోజే పామును తప్పించుకోగలిగిన జీవి, పెద్దయ్యాక కుక్క ఎదురుగా వస్తుంటే ఎండలో అలాగే పడుకుని ఉంటుంది.

ఇంకో విషయం కూడా చెప్పాలి. మనం చూసేది మొదటి నుంచి చివరి దాకా ఒకే పిల్ల పరుగు కాదని, వేర్వేరు షాట్లను కలిపి కూర్చారని తర్వాత నిర్మాతే చెప్పారు. పాములూ పిల్లలూ నిజమే కాబట్టి నాకు అది తప్పనిపించలేదు, కానీ చూసేవాళ్లకు తెలియాలి.

తప్పకుండా చూడండి. చిన్నపిల్లలతో చూస్తుంటే, అన్నీ తప్పించుకోవని ముందే చెప్పి కూర్చోబెట్టండి. మొదటిసారి మ్యూజిక్‌తో చూడండి. రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి, పాము పక్కనుంచి పోతున్నప్పుడు ఆ పిల్లను మాత్రమే చూడండి.