మిషన్‌కు పైసలొచ్చినయ్, పల్లీలు కొననీకి రాలే

అక్కలకు, అన్నలకు, ముందల కూసున్న పెద్దమ్మలకు అందరికి నమస్తే.

మన పాలమూరోళ్లంటే వలస అనే మాట ముందొస్తది. మా నాయన బొంబాయిల సెంట్రింగ్ పని చేసెటోడు, పండుగకొచ్చి మళ్ల పోయెటోడు, మేం నానమ్మ దగ్గర పెరిగినం. 2006ల ఉపాధి హామీ షురువైనప్పుడు దేశంల మొదటి 200 జిల్లాలల్ల మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నయి, ఉత్తగనే పెట్టలే. అందుకే ఊర్లనే పది మందికి పని పుట్టిస్తం, గ్రాంట్ ఇస్తం అని ఎవరన్న వస్తే నాకు పానం లేచొస్తది.

కానీ మా సంఘం సంగతి చెప్త వినుండ్రి. ఎనిమిది మందిమి కలిసి పల్లినూనె గానుగ పెట్టినం. షెడ్డు అయింది, మిషన్ వచ్చింది, రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగినం. సంక్రాంతి దాటినంక యార్డుకు పల్లికాయ మస్తుగ వస్తది, రేటు అప్పుడే తక్కువుంటది, కొని పెట్టుకోవాల్సింది గప్పుడే, కానీ మా చేతుల రూపాయి లేదు, ఉన్నదంత మిషన్ల పోయింది. తర్వాత రేటు పెరిగినంక దుకాణంల ఒక్కో బస్తా తెచ్చి ఆడిస్తే ఏం మిగుల్తది? నూనె మంచిగనే ఉండె, మిషన్ ఖరాబ్ కాలే. అయినా మల్ల సంక్రాంతి రాకముందే మా ఎనిమిది మందిల ఇద్దరు పూణె బండెక్కిండ్రు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలే.

గందుకే ఈ లెక్కలు నేర్చుకున్న. పీఎంఈజీపీ అని సొంత యూనిట్‌కు బ్యాంకు లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్రం పథకం ఉంది, దాంట్ల ఊర్ల యూనిట్ పెట్టే ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ, మనం పెట్టాల్సింది 5 శాతం. 10 లక్షల యూనిట్‌కు మనయి 50 వేలు. సబ్సిడీ మూడున్నర లక్షలు మాత్రం చేతికి రావు, మూడేండ్లు బ్యాంకుల డిపాజిట్ లెక్క ఉంటయి, యూనిట్ నడుస్తుందని చూసినంకనే లోన్ల కలుపుతరు. నడవకపోతే అప్పు మన నెత్తి మీదనే. ఇది ముందుగాల ఎవ్వరూ చెప్పరు. అప్లికేషన్‌కు పైసలు అడిగెటోళ్లకు ఇయ్యకుండ్రి, అది ఫ్రీ.

ఇంకో సంగతి, అదే ప్రాజెక్ట్ రిపోర్ట్‌ల మిషన్‌తో పాటు ఒక సైకిల్‌కు, అంటే సరుకు కొని, చేసి, అమ్మి పైసలు తిరిగొచ్చేదాక సరిపోయే వర్కింగ్ క్యాపిటల్ (నడిపే పెట్టుబడి) కూడా రాసుకోవచ్చు. రిపోర్ట్ రాసేటాయన దాన్ని ఏదో పైపైన ఏసేస్తడు, మనం సంతకం పెడ్తం. కూసొని అడగాలె, సీజన్ల ఎన్ని క్వింటాళ్లు కొనాలె, ఎన్ని నెలలు నిల్వ ఉంచాలె, అని. తిండి సరుకు చేసే సంఘాలకైతే పీఎంఎఫ్ఎంఈ అనే ఇంకో కేంద్రం పథకంల ఒక్కో సభ్యురాలికి 40,000 సీడ్ క్యాపిటల్ (మొదలు పెట్టుబడి) ఉంది, సరుకు కొననీకి, చిన్న సామాన్లకే అది. సంఘాలన్నీ కలిసిన సమాఖ్యకు వస్తది, సంఘం అప్పు లెక్క తీసుకొని తిరిగి కట్టాలె. మా ఎనిమిది మందికి లెక్క కట్టి చూడుండ్రి, 3,20,000 అయితుండె. గప్పుడు మాకు తెల్వకపాయె.

గ్రాంట్ ఇచ్చెటోళ్లకు కూడా ఒక్క మాట. మీరు షెడ్డు ఫొటో అడుగుతరు, మూడో ఏడు ఎంతమంది పనిల ఉన్నరో కూడా అడుగుండ్రి, మేం చెప్తం.

ఇప్పుడు జొన్నరొట్టెల యూనిట్ అనుకుంటున్న అక్కలు ఇట్ల ముందుకొస్తరా, మీకు నెలకు ఎన్ని జొన్నలు పడ్తయో ముందు గది రాసుకుందం.