కంటి ప్రెషర్‌కు లేజర్: ముందు యాంగిల్ చూడాలి
(విజయవాడలో గ్లకోమా అవగాహన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నీటికాసులకు, అంటే గ్లకోమాకు, లేజర్ అనగానే వచ్చే మొదటి ప్రశ్న, "పోయిన చూపు వస్తుందా?" అని. రాదండి. దెబ్బతిన్న కంటి నరాన్ని ఏ లేజరూ బాగుచేయలేదు. ప్రెషర్ దించి మిగిలిన చూపును కాపాడటమే దాని పని.

కంట్లో ఊరే నీరు, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ దాని వెనకున్న రంగు వలయం ఐరిస్‌కూ మధ్యనున్న మూలలో, జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ మూలనే డాక్టర్లు యాంగిల్ అంటారు. అది తెరిచి ఉంటే ఎస్‌ఎల్‌టీ, అంటే ఆ జల్లెడ మీద లేజర్ వేసి నీరు సులువుగా పోయేలా చేసే చికిత్స, చేస్తారు. మూసుకుపోతుంటే యాగ్ లేజర్‌తో ఐరిస్‌కు చిన్న రంధ్రం పెడతారు. ఏది కావాలో గోనియోస్కోపీ, అంటే ప్రత్యేక లెన్స్‌తో యాంగిల్ చూసే పరీక్ష, చేస్తేనే తెలుస్తుంది. అది చేయకుండా లేజర్‌కు డేట్ ఇస్తే మొహమాటపడకుండా అడగండి.

ఎస్‌ఎల్‌టీకి కోత లేదు, కుట్టు లేదు. మత్తుచుక్క వేసి, గడ్డం స్టాండుపై ఆనించి, జెల్ రాసిన లెన్స్ కంటికి పెడతారు. కాంతి చుక్క వెడల్పు 400 మైక్రాన్లు. ఒక్కో షాట్ 3 నానోసెకన్లు. చుట్టూ కలిపి సుమారు వంద షాట్లు. సాధారణంగా 0.8 మిల్లీజౌల్ దగ్గర మొదలుపెట్టి, సన్నని బుడగలు కనిపించే దాకా సర్దుతారు. బుడగలు మరీ ఎక్కువైతే శక్తి తగ్గిస్తారు. యాంగిల్‌లో రంగు దట్టంగా ఉన్న కళ్లకు మొదటే తగ్గించాలి. అక్కడ అదే శక్తి వాడితే కాసేపటికే ప్రెషర్ ఎగబాకొచ్చు. అందుకే ముందో తర్వాతో ప్రెషర్ తగ్గించే బ్రిమోనిడిన్ చుక్క వేసి, గంట తర్వాత ప్రెషర్ మళ్లీ చూస్తారు. బస్సుకు టైమైందని ఆ గంట ఆగకుండా వెళ్లిపోకండి. ఆ పూట మసకగా ఉంటుంది, బండి నడపొద్దు.

ఫలితం తేలడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అందాకా పాత చుక్కలు ఆపొద్దు. లేజర్ అయిందిగా అని సొంతంగా మానేసి ప్రెషర్ పెంచుకుని వచ్చేవాళ్లే అసలు తలనొప్పి.

2019లో వెలువడిన బ్రిటన్‌లోని లైట్ (LiGHT) అనే అధ్యయనంలో, మొదటి చికిత్సగా ఎస్‌ఎల్‌టీ చేయించుకున్నవారిలో 74 శాతం మందికి మూడేళ్ల దాకా చుక్కల అవసరం రాలేదు. వాళ్లు కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు. ఇప్పటికే మూడు రకాల చుక్కలు వాడుతున్నవారు అంత ఆశ పెట్టుకోకూడదు. ప్రభావం కొన్నేళ్లకు తగ్గొచ్చు. అప్పుడు మళ్లీ చేయొచ్చు. చెక్‌అప్‌కు వచ్చేటప్పుడు చూపు ఎంత మేర కనిపిస్తోందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ పాత కాగితాలన్నీ తెచ్చుకోండి, నరం ఎంత వేగంగా పోతోందో వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసేది.